పోపులపెట్టె ఇల్లు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. చిలకలూరిపేట బస్టాండు వెనక సందులో ఒక అద్దె గది, అదీ ఉగాది వరకే. గది నిండా ఎవరూ అడగని సరుకు: ఐస్‌క్రీం పుల్లల కట్టలు, థర్మాకోల్ అట్టలు, రంగు చార్టులు, గుండీలు, పూసలు, మువ్వలు, జిగురు డబ్బాలు. కౌంటరు దగ్గర స్టూలు మీద రెబ్కా. రెబ్కాను ఆ రోజుల్లో నేను ఖర్చు కింద రాసుకునేవాణ్ణి.

నా పేరు అంకమ్మరావు. మాది ఫ్యాన్సీ, స్టేషనరీ కొట్టు. ఒకప్పుడు బడిపిల్లల ప్రాజెక్టుల మీదే నడిచింది. సాయంత్రం బడి వదిలితే చాలు, తల్లులు పిల్లల్ని లాక్కొచ్చి, "రేపటికల్లా అగ్నిపర్వతం చెయ్యాలంట, ఏం కావాలో మీరే ఇచ్చెయ్యండి" అనేవాళ్ళు. నేను కట్టి ఇచ్చేవాణ్ణి. తరవాత బళ్ళే ఆ సామాన్లు కట్టగట్టి ఫీజులో కలిపేశాయి. మిగిలినవి ఫోనులో నొక్కితే ఇంటికొచ్చి పడుతున్నాయి.

గది యజమాని యలమందయ్య. మిరప, పత్తి వేసే రైతు. నాకంటే కాస్త పెద్ద. డిసెంబరు మొదట్లో వచ్చి, కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని, లోపలికి ఒకసారి తొంగి చూశాడు.

"ఏమయ్యా అంకమ్మరావూ, ఈ పుల్లలన్నీ ఏం చేసుకుంటావు? చితి పేర్చుకుంటావా?"

"నీకు సరిపోవులే అన్నా, ఇంకో లారీ తెప్పించాలి."

నవ్వాడు. నవ్వుతూనే అసలు సంగతి చెప్పాడు. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకునే మనిషి ఒకడు ఈ గది అడుగుతున్నాడట. ఏడాది అద్దె ముందే ఇస్తానంటున్నాడట.

"నువ్వు కూడా అట్టాగే ఇస్తే ఉండు. పాతికేళ్ళ నుంచీ ఉన్నావు, నిన్ను పొమ్మనటం నాకేం సరదా? ఇవ్వలేకపోతే మాత్రం ఉగాదికి తాళం నాకిచ్చెయ్."

తప్పుపట్టే మాట కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. కానీ ఆ గది పోతే నా వయసులో ఇంకో గది, ఇంకో సందు, కొత్త బేరగాళ్ళు కుదరరు. కొట్టు లేకపోతే నేను పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకే తెలియదు. అందుకని ఆ రోజు నుంచి గది నిలబెట్టుకోవడం ఒక్కటే నా లెక్క.

రెబ్కా మా కొట్టులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. భర్త క్రీస్తుదాసు ఆటో నడుపుతాడు. ఏటా డిసెంబరులో విరిగిన పుల్లలూ, నలిగిన చార్టులూ అడిగి పట్టుకెళ్ళేది. చర్చిలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టడానికని తెలుసు. ఎలా కడుతుందో ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడు క్రీస్తుదాసు కేకు తెచ్చి, "ఈసారన్నా వచ్చి చూడండి బాబాయ్ గారూ" అంటే, పండగరోజు సాయంత్రం వెళ్ళాను.

పాక ముందు జనం గుంపుగా ఉన్నారు. లోపల బాలయేసు బొమ్మా, మరియమ్మ బొమ్మా బజారులో కొన్నవే. చుట్టూ ఉన్నవి మాత్రం రెబ్కా చేసినవి. అరచేతిలో పట్టే నులకమంచం. దాని కోళ్ళు పెన్సిలు ముక్కలు, నులక గోనెపీచు. పెద్ద మువ్వ పైభాగం కోసి, అంచుకు తీగ చుట్టి బిందె చేసింది. చాక్‌పీసు పొడీ జిగురూ కలిపిన ముద్దతో రోలు. చీపురుపుల్లలు చీల్చి అల్లిన చేట. పక్కన మిరపకల్లం. బొటనవేలంత గోతాలు, మూతులు కుట్టి ఉన్నాయి, ఒకటి మాత్రం విప్పి ఉంది. ముందు ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి.

"బెత్లెహేములో మిరపకల్లం ఏంటమ్మాయ్?" అన్నాను.

"ఆ గొర్రెల కాపరుల్లాగా రాత్రిళ్ళు మేలుకుని కాపలా కాసేవాళ్ళంటే మన ఊళ్ళో కల్లాల కాడేగా బాబాయ్ గారూ ఉండేది," అంది రెబ్కా.

కాయలు దేనితో చేశావని అడిగాను. కరెంటు వైరుకుండే ఎర్ర తొడుగు ఒలిచి, బ్లేడుతో ఏటవాలుగా తరిగిందట. కొసలకు ఆకుపచ్చ రంగు చుక్క. మధ్యమధ్యలో తెల్లబారిన తాలుకాయలు కూడా ఉన్నాయి. అవి పసుపు వైరు ముక్కలు.

నేను పాకను వదిలేసి జనాన్ని చూశాను. నా వృత్తి అది. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకుని, తరవాత కల్లం దగ్గర ఆగుతున్నారు. పిల్లలు సరే, పెద్దవాళ్ళు కూడా వంగి గోతాం ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు. ఒకావిడ మువ్వ బిందె చూసి, "అయ్యో, మా అమ్మ బిందె!" అంది. మా కొట్టులో ఆ మువ్వలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. ఎవరూ అయ్యో అనలేదు.

మర్నాడు కొట్టు తెరవగానే రెబ్కాతో చెప్పాను. "కౌంటరు పని నేను చూసుకుంటా. నువ్వు కూర్చుని ఇట్టాంటివి చెయ్యి."

"ఎవరు కొంటారు బాబాయ్ గారూ?"

"అది నా పని."

జనవరిలో వంటింటి సామాన్ల సెట్లు చేసి అద్దాల బీరువాలో పెట్టాం. మట్టిపొయ్యి, రోలు, రోకలి, చేట, తెల్లపూసకు గోధుమరంగు మూత పెట్టిన ఆవకాయ జాడీ. పక్కనే నులకమంచం, మిరపగోతాలు. ఒకటీ అరా అమ్ముడయ్యాయి. యలమందయ్య ఒకరోజు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మిరపగోతాం మూతి దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"తాలు ఏరకుండా నింపావేంటమ్మాయ్? మిర్చి యార్డులో రేటు కోసేస్తారు."

"ఏరటానికి కూలోళ్ళు దొరకలేదండి," అంది రెబ్కా.

ఆయన పగలబడి నవ్వాడు. కొనలేదు.

ఇలా ఒకటీ అరా అమ్మితే ఏడాది అద్దె ముందుగా పోగవదని నాకు తెలుస్తూనే ఉంది. పెద్ద బేరం ఒకటి తగలాలి. అది వాడరేవు పుణ్యాన తగిలింది. ఆదివారాలు గుంటూరు నుంచి వాడరేవు బీచికి వెళ్ళే కార్లు మా పేటలో ఆగుతుంటాయి. ఇసకలో ఆడుకోవడానికి పిల్లకు ప్లాస్టిక్ బకెట్టు కావాలని ఒకావిడ దిగింది. పేరు హారిక. బకెట్టు చేతిలో ఉండగానే ఆమె చూపు అద్దాల బీరువా మీద పడింది. బయట కారు హారను మోగుతోంది. ఆమె కదల్లేదు. చివరికి ఆమె భర్త శ్రీకృష్ణ విసుక్కుంటూ లోపలికి వచ్చాడు.

"బకెట్టు కొనటానికి ఇంతసేపా?"

"ఇటు చూడండి. ఈ మంచం చూడండి. దండెం మీద చీర కూడా ఆరేశారు!"

శ్రీకృష్ణ వాళ్ళది తుళ్ళూరు దగ్గర పల్లె. పొలం రాజధానికిచ్చి, వచ్చిన స్థలాలతో మొదలుపెట్టి, ఇప్పుడు గుంటూరు పక్కన వెంచరు వేసి ఇళ్ళు కట్టి అమ్ముతున్నాడు. గుంటూరులో వాళ్ళ సొంత ఇల్లు పూర్తికావచ్చింది. హాల్లో షోకేసు కట్టించారట, దాంట్లో ఏం పెట్టాలో తేలలేదట.

"పెంకుటిల్లు ఒకటి చెయ్యగలరా?" అంది హారిక. "పైకప్పు తీస్తే లోపల అన్నీ కనపడాలి. గృహప్రవేశానికి ఇవ్వాలి."

చెయ్యగలం అన్నాను. రెబ్కా నా వైపు చూసింది. ఇల్లు మేమెప్పుడూ చెయ్యలేదు.

శ్రీకృష్ణ కారెక్కబోతూ ఆగి, "ఇది గనక బాగుంటే, మా వెంచర్లో ఇల్లు తీసుకున్న ప్రతివాళ్ళకీ తాళంచెవితోపాటు ఒకటి ఇస్తానండీ. కొత్తగా ఉంటది," అన్నాడు. ఆ మాట నాకు ఏడాది అద్దెలా వినిపించింది.

ఇంటి పనికి దిగాం. నేను ముందు ఒక సంగతి తేల్చాను. వాస్తు లేని ఇంటిని మన వైపు ఎవడూ తేరగా ఇచ్చినా తీసుకోడు, బొమ్మ ఇల్లైనా సరే. కొట్టులో మేం ఇల్లు పెట్టిన అర పడమటి గోడకు ఉంది. అంటే ఇంటి గుమ్మం తూర్పు ముఖం. ముందు వైపు ఎడమ గది ఆగ్నేయం, అక్కడ వంటిల్లు. ముందు వైపు కుడి గది ఈశాన్యం, అక్కడ దేవుడి గది. వెనక ఎడమ గది నైరుతి, పడకగది. వెనక కుడి గది వాయవ్యం, మిరపగోతాలూ పత్తి కుక్కిన బోరేలూ ఉండే కొట్టుగది. నుయ్యి ముంగిట్లో ఈశాన్యం మూల. నేను చార్టు మీద గీసి ఇచ్చాను. రెబ్కాకు వాస్తుతో పని లేదు, కానీ గీత ప్రకారం చెయ్యడం ఆమెకు బాగా వచ్చు.

దూలాలకూ తలుపులకూ ఐస్‌క్రీం పుల్లలు కరగడం మొదలైంది. గోడలు థర్మాకోలు, దానిమీద సుద్ద పూత. స్ట్రాలు నిలువునా చీల్చి, ఇటుకరంగు వేసి, వరసలుగా అతికిస్తే నాటు పెంకులయ్యాయి. అగ్గిపుల్లలతో కిటికీ చువ్వలు. వంటింట్లో పొయ్యి వెనక గోడకు దీపం మసి పట్టించింది. ఆ ఒక్క మసితో అది బొమ్మ అన్న సంగతి మరిచిపోయాను. మా ఆవిడ చూసి, "ఈ వంటింట్లో కిటికీ చాల్లేదు, పొగ పోదు," అంది.

ఇంటిని క్రీస్తుదాసు ఆటోలో గుంటూరు తీసుకెళ్ళాం. ఒళ్ళో పెట్టుకున్నది రెబ్కా. గతుకు వచ్చినప్పుడల్లా భర్తను తిట్టింది. అతను, "పెళ్ళప్పుడు నిన్ను కూడా ఇంత మెల్లగా తీసుకురాలేదు," అన్నాడు.

షోకేసులో పెట్టాం. లైటు వేశారు. హారిక పైకప్పు తీసి చూసి, పిల్లను ఎత్తుకుని చూపించి, మళ్ళీ తనే చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే గృహప్రవేశం ఏర్పాట్లు చూడటానికి వచ్చిన సిద్ధాంతిగారు హాల్లోకి వచ్చారు. ఆయన ఇంటిని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ ఫోను తీసి దిక్సూచి పెట్టారు.

"ఈ షోకేసు దక్షిణపు గోడకు ఉంది. అంటే ఈ ఇంటి గుమ్మం ఉత్తరం చూస్తోంది. అవునా?"

"అవునండి," అన్నాను. అంటుండగానే నాకు అర్థమైపోయింది.

"మరి ఈశాన్యంలో పొయ్యి పెట్టారేంటండీ? దేవుడేమో వాయవ్యంలో ఉన్నాడు."

పేటలో తూర్పు చూసే ఇంటికి లెక్కకట్టి, గుంటూరులో ఉత్తరం చూసే చోట పెట్టాం. కొనేవాళ్ళ గోడ ఏ దిక్కుదో అడగాలన్న ఆలోచనే రాలేదు.

"ఇది బొమ్మిల్లండి," అంది రెబ్కా. "ఆ పొయ్యిలో మంట ఎర్రకాయితం."

"బొమ్మైనా ఇల్లు ఇల్లేనమ్మా. ఇంట్లో ఇంటిని పెడుతున్నారు."

నేను వాదించలేదు. "ఇంటిని కాస్త తిప్పి, గుమ్మం తూర్పుకు పెడితే సరిపోదాండీ?" అన్నాను. తిప్పి పెట్టాం. దిక్కులన్నీ కుదిరాయి. కానీ హాల్లో కూర్చున్నవాళ్ళకు ఇంటి పక్కగోడ కనబడుతోంది. గుమ్మం షోకేసు చెక్క వైపు ఉంది.

"వచ్చినవాళ్ళకి గోడ చూపించి మురిసిపోవాలా?" అంది హారిక. ఆమె గొంతు మారింది.

శ్రీకృష్ణ నన్ను పక్కకు పిలిచాడు. "నాకు ఇట్టాంటి పట్టింపులు పెద్దగా లేవండి. కానీ రేపు వెంచర్లో ఏ చిన్న తేడా వచ్చినా, మా నాన్న దగ్గర్నుంచి మేస్త్రీల దాకా అందరూ ఆ షోకేసులో పొయ్యినే అంటారు. గృహప్రవేశం శుక్రవారం. ఆ లోపు సరిచేసి తెస్తే తీసుకుంటా. లేకపోతే ఏమీ అనుకోవద్దు."

తిరుగు దారిలో రెబ్కా ఒళ్ళో ఇల్లు అలాగే ఉంది. ఏటుకూరు దాటాక, "మొత్తం చీల్చి మళ్ళీ అతికించాలంటే నేను చెయ్యను బాబాయ్ గారూ," అంది. "ఆ మసి గోడ ఊడదీస్తే మళ్ళీ అట్టా రాదు."

"ఇంకోటి చేద్దాం. ఉత్తరం ముఖానికి."

"చేస్తాం సరే. ఆ వెంచర్లో ఇళ్ళన్నీ ఒకే దిక్కుంటాయా? వాళ్ళ షోకేసులన్నీ ఒకే గోడకుంటాయా? ఇంటింటికీ దిక్సూచి పట్టుకుని తిరగాలా?"

ఆమె అడిగింది న్యాయమే. ఇల్లు అన్నది అంగీ లాంటిది కాదు, సైజు చెబితే తీసివ్వడానికి. ప్రతి బేరానికీ వేరే ఇల్లు కట్టాలంటే పనీ పెరుగుతుంది, తప్పూ పెరుగుతుంది. శుక్రవారం సంగతి ఎలా ఉన్నా, పెద్ద బేరం అక్కడే పోతుంది. అది పోతే గదీ పోతుంది.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ పోపులపెట్టె కడిగి ఆరబెట్టి, మళ్ళీ సర్దుతోంది. స్టీలు పెట్టె, లోపల చిన్న గిన్నెలు. అన్నీ నింపి మూత పెట్టబోయి ఆగింది. ఆవాల గిన్నె అవతలి వైపుకు వచ్చింది. పెట్టె తిప్పుతుందనుకున్నాను. తిప్పలేదు, దాని గొళ్ళెం తనవైపే ఉండాలట. గిన్నెలే పైకి తీసి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టింది.

"ఏంటట్టా గుడ్లప్పగించి చూస్తన్నారు?" అంది.

"ఆ పెట్టె ఒకసారి ఇయ్యి."

"పోపు వెయ్యాలి!"

"రేపు వేద్దువుగానిలే."

పోపులపెట్టె చంకలో పెట్టుకుని క్రీస్తుదాసు ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి, "చారు పెడతారా ఏంటి బాబాయ్ గారూ?" అన్నాడతను. రెబ్కా ముందు పెట్టె తెరిచి, మినప్పప్పూ ఆవాలూ జీలకర్రా గిన్నెలు మార్చి చూపించాను. ఆమె కాసేపు చూసి, గిన్నె ఒకటి తను తీసి పెట్టింది.

"గోడలు కదలవు. నేలలు లేస్తయ్యి," అంది.

"అదే."

"అట్టా అయితే గదులు నాలుగూ చదరంగా ఉండాలి. మనవి పొడుగు. పాత ఇల్లు దీనికి పనికిరాదు."

"పనికిరాకపోతే పోయింది. కొత్తది చెయ్యి."

చేసింది. పైకి అది మామూలు పెంకుటిల్లే. మధ్యలో అడ్డంగా, నిలువుగా రెండు గోడలు. నాలుగు గదుల్లో నాలుగు చదరపు అట్టలు, వంటిల్లు ఒకదానిమీద, దేవుడి గది ఒకదానిమీద. సామానంతా అట్టకే అతికి ఉంటుంది. వేలుగోరు దూర్చి ఎత్తితే వంటిల్లు మొత్తం చేతిలోకి వస్తుంది. గోడలకు ఏమీ అతికించకూడదని నేనన్నాను. మసి గోడ సంగతేంటని రెబ్కా అడిగింది. అది లేకుండా వంటిల్లు చెయ్యడానికి ఆమె ఒప్పుకోలేదు. చివరికి పల్చటి అట్టకు మసి పట్టించి, పొయ్యి వెనక నిలబెట్టి, వంటింటి నేలకే అతికించింది. వంటిల్లు ఎక్కడికి పోతే మసి అక్కడికి పోతుంది. దేవుడి పటం కూడా అలాగే పీట మీద నిలబెట్టింది.

ఒక చిక్కు వచ్చింది. కొట్టుగది అట్ట ఎత్తినప్పుడల్లా విప్పి ఉన్న గోతాం నుంచి కాయలు రాలుతున్నాయి. జిగురు వేస్తే మెరుస్తోంది, నిజం కాయలా లేదు. రెబ్కా గంజి కాచి, కాయల్ని దాంట్లో తడిపి పోసింది. ఆరాక అట్ట తలకిందులు చేసినా ఒక్కటి రాలలేదు. మెరుపూ లేదు.

శుక్రవారం తెల్లవారకముందే గుంటూరు చేరాం. మామిడాకులు కట్టేస్తున్నారు. షోకేసులో ఇల్లు పెట్టి, నేను వెనక్కి తగ్గి, రెబ్కాను ముందుకు నడవమన్నాను. సిద్ధాంతిగారూ, హారికా, శ్రీకృష్ణా, వాళ్ళ నాన్నా చుట్టూ నిలబడ్డారు.

మేం కావాలనే పేటలో ఉన్నట్టు తూర్పు లెక్కకే పెట్టుకుని తెచ్చాం. రెబ్కా పైకప్పు తీసింది. సిద్ధాంతిగారు వంగి చూసి, "మళ్ళీ ఈశాన్యంలోనే పొయ్యి!" అన్నారు.

"ఎక్కడ ఉండాలండి?" అంది రెబ్కా.

"ఆగ్నేయం. ఆ వెనక ఎడమ పక్క."

ఆమె వంటిల్లు ఎత్తి చేతిలో పెట్టుకుంది. పడకగది తీసి వెనక కుడివైపు పెట్టాలంటే అక్కడి కొట్టుగది లేవాలి. అది తీసి హారిక చేతికిచ్చింది. హారిక గోతాల గదిని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి కూడా తియ్యకుండా నిలబడింది. ఒక్కొక్క గది తన మూలకు చేరింది. ముందు ఎడమన దేవుడు, వెనక ఎడమన పొయ్యి.

సిద్ధాంతిగారు దిక్సూచి చూశారు. ఇంటి చుట్టూ చూశారు. "మరి నుయ్యి? నుయ్యి వాయవ్యంలో ఉండిపోయింది."

నుయ్యి సంగతి నేను మరిచిపోయాను.

రెబ్కా రెండు వేళ్ళతో నుయ్యిని గిలకతో సహా ఎత్తి, ముంగిట్లో ఎడమ మూల పెట్టింది. "నుయ్యి కూడా లేస్తదండి," అంది.

శ్రీకృష్ణ వాళ్ళ నాన్న గట్టిగా నవ్వాడు. "ఈ పద్ధతి ముందే తెలిస్తే, మనం తుళ్ళూరులో బోరు మూడుసార్లు వేసేవాళ్ళం కాదురా!"

సిద్ధాంతిగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. "ఇళ్ళన్నీ ఇట్టా కడితే ఇక నన్నెవరు పిలుస్తారమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు. తరవాత తనకూ ఒకటి చేసి పెట్టమని అడిగారు, దిక్కులు బోధపరచడానికి బాగుంటుందట. సరే అన్నాను. ఆయన చేతిలో ఆ ఇల్లు ఎన్ని గుమ్మాలు ఎక్కుతుందో నాకు తెలుసు.

శ్రీకృష్ణ షోకేసు ముందు నుంచి కదల్లేదు. వంటిల్లు తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "మా దాంట్లో పడమర ముఖం ఇళ్ళు అమ్ముడుపోవట్లా. వచ్చినవాళ్ళకి ఏ గది ఎక్కడుంటదో కాయితం మీద చూపిస్తే అర్థం కావట్లా. ఇది చేతికిస్తే?"

"వాళ్ళే సర్దుకుంటారు," అన్నాను. "సర్దుకున్న ఇల్లు వదిలిపెట్టి పోలేరు."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ రోజు పంక్తిలో మా ముగ్గురికీ అరటాకులు వాళ్ళ బంధువుల పక్కనే వేశారు. లేచేసరికి వెంచరు మొత్తానికీ ఇళ్ళు చెయ్యమన్న మాటా, ముందస్తు డబ్బూ రెండూ నా చేతికి వచ్చాయి.

మర్నాడు కొట్టులో పని ఎలా పంచుకోవాలో మొదలుపెట్టబోతే, రెబ్కా స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

"బాబాయ్ గారూ, జీతానికైతే నేను చెయ్యను."

"పెంచుతాలే అమ్మాయ్."

"పెంచొద్దు. సగం కావాలి."

"సరుకు నాది. గది అద్దె నాది. బేరం తెచ్చింది నేను."

"సరుకు పుల్లలు. ఆ పుల్లలతో చితి పేర్చుకుంటారన్నారు యలమందయ్య గారు."

"పోపులపెట్టె ఎవరు తెచ్చారు?"

"పిన్నిగారిది. ఆమెకీ వాటా ఇవ్వమంటారా?"

నేను నాలుగో వంతు దగ్గర మొదలుపెట్టాను. ఆమె కదల్లేదు. క్రీస్తుదాసు బయట ఆటోలో కూర్చుని, మాటలు వినబడనట్టు అద్దం తుడుస్తున్నాడు. ఆమె లేచి వెళ్ళిపోతే నా దగ్గర మళ్ళీ మొదటి సరుకే మిగులుతుంది. మధ్యాహ్నానికి సగానికి ఒప్పుకున్నాను. సరుకు ఖర్చు తీసేశాక సగం అని నేను అన్నాను, ఆమె సరే అంది. నా కూతురైతే ఇంత మొండిగా బేరమాడాలని కోరుకునేవాణ్ణి. ఆ మాట మాత్రం ఆమెతో అనలేదు, అంటే ఇంకా అడుగుతుంది.

ఉగాదికి ముందురోజు యలమందయ్య తాళంచెవి కోసం వచ్చాడు. ఏడాది అద్దె చేతిలో పెట్టాను. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని బల్లమీద కూర్చున్నాడు.

"ఆ గోతాం ఒకటి ఇస్తావా? తాలు ఉన్నదే."

"కొనుక్కో అన్నా."

"అద్దె తీసుకుంది ఇప్పుడేగా, అప్పుడే పిండుతున్నావే!"

కొనుక్కున్నాడు. టీవీ పక్కన పెట్టాడని తరవాత తెలిసింది.

మొదటి ఇల్లు, దిక్కులు కుదరక తిరిగొచ్చినది, కొట్టులోనే పడమటి గోడ అరలో ఉండిపోయింది. డిసెంబరు వచ్చింది. రెబ్కా ఈసారి విరిగిన పుల్లలు అడగలేదు, ఆ ఇల్లు అడిగింది. పశువుల పాక పక్కన సత్రం కావాలట. కాన్పు వేళ మరియమ్మకు చోటు లేదన్న సత్రం. నేనే ఆటోలో ఒళ్ళో పెట్టుకుని చర్చికి తీసుకెళ్ళాను. నాలుగు గదుల్లోనూ చిన్న బొమ్మల్ని కిక్కిరిసేలా నింపింది. వంటింట్లో మసి గోడకు ఆనుకుని ఒక ముసలాయన కునుకుతున్నాడు. జనం కల్లం దగ్గర ఆగారు, తరవాత సత్రం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగారు.

ఇప్పటికి నా లెక్క ఇది. పుల్లలు అయిపోయాయి, కొత్తవి తెప్పించాం. మువ్వలు అయిపోయాయి. గది ఉంది, ఈ ఏటి అద్దె కూడా ముందే ఇచ్చాను. రెబ్కా కౌంటరుకు ఇవతల కూర్చోవడం మానేసింది, వెనక గోడ దగ్గర తన బల్ల వేసుకుంది. మా ఆవిడకు కొత్త పోపులపెట్టె కొనిచ్చాను, పాతది బల్లమీదే ఉంది, గుండుసూదులకు పనికొస్తోంది. సత్రమైన ఇల్లు జనవరిలో మళ్ళీ అరలోకి వచ్చింది. అడిగినవాళ్ళకు అది అమ్మకానికి కాదని చెబుతున్నాను. చర్చిలో దాన్ని దక్షిణం ముఖంగా పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు.